తమ్ముడి సీటుకి నేను పెట్టిన ప్రస్థానం

అరవై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని, అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. నోటితో చెప్పకపోలేదు. కాని చెప్పిన ప్రతిసారీ అందులో నా తెలివి కొంచెం పెరిగేది. కాగితం మీద అలా సాగదు.

పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. చోడవరంలో మా తమ్ముడు ఎమ్మెస్సీ ముగించి కూర్చున్నాడు. ఉత్తరాదిన ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధకులను తీసుకుంటున్నారని పేపర్లో చూసి దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకి పిలిచారు. సీటు రాకపోతే చెరుకు తోటలోకి దిగమన్నాడు నాన్న.

"సదువైపోనాది అన్నావు కదరా," అన్నాను.

మా వైపు అక్కని అప్ప అంటారు. "ఇది పరిశోదనప్పా. సెరుకు రసంలో మడ్డి ఎలా తేరుతాదో కనిపెట్టాలి. డాక్టరేటిస్తారు."

"బెల్లం వండినప్పుడు బెండకాడ రసం పిండితే తేరుతాది. దానికి రైలెక్కాలా? పోనీ, అదయ్యాకైనా ఇంటికొస్తావా?"

"దాని తరవాత ఇంకో పరిశోదనుంటాది."

"మడ్డి తేరీసరికి నీ జుత్తు నెరిసిపోద్ది."

బయల్దేరాల్సింది మంగళవారం. మంచిది కాదు. అలాంటప్పుడు ముందే ఒక మంచి ఘడియలో ప్రయాణికుడి వస్తువేదో మూటకట్టి, వెళ్లే దారిలోని ఇంట్లో పెడతాం. దాన్ని ప్రస్థానం అంటాం. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. వెళ్లేరోజు ఆ మూట అందుకుని సాగిపోవాలి. అందరూ తువ్వాలో, బియ్యమో పెడతారు. నేను తెలివైనదాన్ని కదా! అదృష్టం పట్టాల్సింది తువ్వాలుకా, చదువుకా అని ఆలోచించి, వాడు సర్దుకున్న పెట్టెలోంచి సర్టిఫికెట్లన్నీ తీసి పసుపు గుడ్డలో కట్టాను. ఆదివారమే అనకాపల్లి రోడ్డులో ఉన్న మా మేనత్త ఇంటి అటక మీద పెట్టి వచ్చాను. మూటలో ఏముందో వాడికి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

మంగళవారం పొద్దున్న ఇద్దరం అత్త ఇంటికి వెళ్తే తలుపుకి తాళం. వడ్డాది సంతకు పోయిందని పక్కింటావిడ చెప్పింది.

"పోనీలే, తువ్వాలు లేకపోతే సచ్చిపోను," అన్నాడు తమ్ముడు.

"తువ్వాలు కాదురా. నీ సర్టిఫికెట్లు."

వాడు పెట్టె తెరిచి చూసుకున్నాడు. "అయి లేకపోతే గుమ్మం లోపలికే రానివ్వరు. ఏటి సేసేవప్పా నువ్వు?"

అంతలో బస్సు హారన్ వినిపించింది. అది తప్పితే రైలు తప్పుతుంది. చీర దోపుకుని వెనక గోడ మీదుగా కప్పెక్కాను. పెంకులు జరిపి చెయ్యి దూర్చాను. అందలేదు. తల, భుజాలు కూడా దూర్చాను. మూట దొరికింది గాని నేను ఇరుక్కుపోయాను. తమ్ముడు గోడెక్కి కాళ్లు పట్టి లాగాడు. నాలుగు పెంకులు నాతోపాటే కింద పడ్డాయి. అప్పటికే బస్సు వచ్చి ఆగింది.

"పట్టపగలే కన్నమేసేస్తన్నారు," అన్నాడు కండక్టరు.

"మా అత్త ఇల్లే బాబూ," అన్నాను, నోట్లోని బూజు ఉమ్ముతూ.

"అత్త ఇల్లయితే తలుపుండదేటి?"

బస్సంతా నవ్వింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. మూట లాక్కొని ఎక్కేశాడు.

వాడు తిరిగొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. గుమ్మంలోనే చెప్పాడు, సీటు వచ్చిందని.

"అక్కడ పెద్దాయన కాయితాలు సూసి, ఈ పసుపేటి అనడిగేడు. మా అప్ప పని అన్నాను. తరవాతంతా సెరుకు గురించే అడిగేడు."

"పసుపు పనిసేసిందన్నమాట."

"నోరు ముయ్యప్పా. ఎల్లుండే బయల్దేరాలి. ఈసారి నా పెట్టె ముట్టుకున్నావా, సూడు."

మర్నాడు పొద్దున్నే మంచి ఘడియ చూసుకుని మళ్లీ ఒక మూటతో అత్త ఇంటికి వెళ్లాను. ఈసారి అందులో తువ్వాలు ఒక్కటే. విరిగిన పెంకుల గురించి అత్త తిడుతూనే ఉంది. తలూపుతూ విని, ఆవిడ రెండో తాళంచెవి అడిగి తీసుకుని, కొంగున ముడేసుకుని ఇంటికొచ్చాను.