బిగించింది నేనే

నాలుగు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. మాజీ సైనికుల సమావేశానికి వెళ్తే పూలదండ వేసి వెనక వరుసలో కూర్చోబెట్టారు. లేచి మాట్లాడబోతే మైకు ఆపేశారు. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో, ఒక మే నెల ఉదయం ఆరున్నరకు కడపలో రైలు దిగాను. ఎర్రగుంట్ల దారిలో, నాపరాళ్ళు పాతిన కంచె వెనక మా శిబిరం. నాలుగు గుడారాలు. నీళ్ళు మనిషికి రోజుకు రెండు బకెట్లు. పొద్దున పది దాటితే, బోల్టులు తిప్పే పానా చేత్తో పట్టుకోలేం, తడిగుడ్డ చుట్టుకునేవాళ్ళం. కొండల్లో సర్వే చేసే అధికారులను తిప్పడం మా డ్యూటీ. బండ్లు బాగుచేయడం నా పని.

ఉన్నవి రెండు బండ్లు. ఒకటి అమెరికా జీపు, ఇంకొకటి కొండలెక్కే ఇంగ్లీషు బండి. బయటికి రెంటి బోల్టులూ ఒకేలా ఉంటాయి. లావు కూడా ఒకటే. తేడా అంతా బోల్టు మీద చుట్టుకున్న మరలో ఉంటుంది. జీపు బోల్టుకు అంగుళానికి ఇరవై నాలుగు చుట్లు, ఇంగ్లీషు బండి బోల్టుకు ఇరవై. మర కొలిచే గేజీ మా పెట్టెలో లేదు. నాకు అవసరం లేదు. మాది ఎమ్మిగనూరులో నేత ఇల్లు. అంగుళానికి ఎన్ని పోగులో గోరు జార్చి చెప్పడం బడికి పోకముందే నేర్చుకున్నాను. అనుమానం వస్తే, తెలిసిన బోల్టును పక్కన ఆనించి ఎండకు ఎత్తేవాణ్ణి. మరలో మర కూర్చుంటే సరే. మధ్యలో వెలుతురు కనిపిస్తే కాదు.

హవల్దారు ప్రొద్దుటూరువాడు. "ఏమప్పా, బండి బాగుచేస్తాండావా, చీర నేస్తాండావా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. డ్రైవర్ నవ్వేవాడు కాదు. అతను ఆదోని పక్క పల్లెలో రైతు కొడుకు. "వాని గోరుకుండే తెలివి మీ నడుం పటకాకు ల్యాదు సాబ్" అన్నాడొకసారి. రెండు రోజులు అతని చేత కక్కసులు కడిగించారు.

పన్నెండో రోజు ఉదయం ఏడు. ఇంగ్లీషు బండి స్టీరింగు కింద, చక్రాలను తిప్పే ఇనుప చేతిని బిగించే బోల్టుకు నట్టు రాలిపోయి ఉంది. పెట్టెలో ఉన్నవన్నీ జీపు నట్లే. ఒకటి ఎక్కించి చూశాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. మా పనిలో కట్టుబాటు ఒకటుంది. నట్టు వేళ్ళతో నాలుగు చుట్లు పోవాలి, ఆ తర్వాతే పానా. తీసేశాను. మర్నాడు మధ్యాహ్నం కర్నూలు నుంచి సామాను లారీ వస్తుంది, అసలు నట్టు తెప్పిద్దామన్నాను.

హవల్దారు వైర్‌లెస్‌లో మా కెప్టెన్‌ను అడిగాడు.

"నట్టు కోసం బండి ఆగదు. తొమ్మిదికి గువ్వలచెరువు ఘాటు మీద ఉండాలి. ఓవర్."

"ఇన్నావా?" అన్నాడు హవల్దారు నాతో.

"మర కలవడంల్యా సాబ్. బలవంతంగా ఎక్కిస్తే లోపల తెగుతాది. ఘాటులో ఊడుతాది."

"నీకు పానా ఎందుకిచ్చినారప్పా? తిప్పు."

తిప్పాను. కీచుమంది. వెండి వెంట్రుకలాంటి ఇనుప పోగు ఒకటి నట్టు లోంచి జారి నా మణికట్టు మీద పడింది. వేడిగా ఉంది.

డ్రైవర్ రేడియేటర్‌లో నీళ్ళు పోస్తూ అడిగాడు. "ఎవురు బిగించినారు?"

"నేనే."

"అయితే ఇంకేమప్పా. పోదాం పా."

నట్టు సంగతి అప్పుడే చెప్పాల్సింది. హవల్దారు అప్పటికే ముందు సీట్లో కూర్చుని చూస్తున్నాడు. చెప్పలేదు.

తొమ్మిదింపావు. గువ్వలచెరువు ఘాటు, మూడో మలుపు. డ్రైవర్ స్టీరింగు కుడికి తిప్పాడు. బండి తిన్నగా పోయింది. హవల్దారు దూకేశాడు. వెనక ఉన్న నేను ఎగిరి రాళ్ళలో పడ్డాను. బండి ఇరవై అడుగుల కింద పక్కకు ఒరిగి ఆగింది. డ్రైవర్ సీట్లోనే నడుం దాకా నలిగి, స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. ప్రాణం ఉంది. "ఈడ తిరుగుతాండాది... బండి తిరగడంల్యా" అంటున్నాడు.

హవల్దారు అతని దగ్గరికి పోలేదు. రోడ్డు మీద వంగి వెతికాడు. నట్టు దొరికింది. నా ముఖం ముందు ఎత్తి పట్టుకున్నాడు. లోపల మర లేదు, గాజులా నున్నగా ఉంది. లోయలోకి విసిరేశాడు.

నలభై నిమిషాలకు డ్రైవర్ చనిపోయాడు.

విచారణ ఒక్క పూటలో అయిపోయింది. డ్రైవర్ వేగంగా తోలాడని హవల్దారు చెప్పాడు. నేను నట్టు సంగతి ఎత్తాను. "ఏదీ, చూపించు" అన్నాడు అధికారి. నా దగ్గర ఏముంది? కాగితం మీద "డ్రైవర్ నిర్లక్ష్యం" అని పడింది.

ఆగస్టులో ఇంటికి తిరిగి వచ్చాను. దారిలో డ్రైవర్ సామాన్ల పెట్టెను వాళ్ళ ఇంట్లో దించాను. అతని చెల్లెలు అందుకుంది. వాళ్ళ నాయన నన్ను కూర్చోమనలేదు.

"మావోడు బండి సరిగ్గా తోల్లేదంట గదప్పా?"

"కాదు పెద్దాయనా. కాగితం తప్పు."

"సర్కారు కాగితం తప్పు, నువ్వు నిజమా?"

గోడకున్న కొడుకు ఫోటోను ఆయన అప్పటికే వెనక్కి తిప్పేశాడు.

నన్ను వదలనిది ఒకటే. బండి ఆగిపోయి, చక్రాలు కదలకుండా నిలిచిన తర్వాత కూడా, అతని రెండు చేతులూ స్టీరింగును కుడికి తిప్పుతూనే ఉన్నాయి.

హవల్దారుగారూ, మీరు రాజంపేటలో ఉన్నారని తెలుసు. మీ మనవడి పెళ్ళి శుభలేఖ మన వాళ్ళందరికీ వచ్చింది, నాకు రాలేదు. బిగించింది నేనే. ఆ కాగితం దిద్దమని పెట్టిన నా నాలుగు అర్జీల్లోనూ అదే మొదటి వాక్యం. ఆ పెద్దాయన పోయాడు. చెల్లెలు ఆ ఇంట్లోనే ఉంది, ఫోటో ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. లోయలోకి మీరేం విసిరారు? జవాబు చెప్పండి.