అన్నయ్య రాసిన మాటలు

బొమ్మలక్కకి కోపం ముక్కు మీదే ఉండేది. కామిక్స్ వాళ్లంతా ఆమెను అలాగే పిలిచేవారు. కథ అల్లి మాటలు రాసేది ఆమె అన్నయ్య, బొమ్మలు వేసేది ఆమె. లిఫ్టులో కాపురముండే ఓ బద్ధకపు దెయ్యం కథలవి. ముందు అన్నయ్య కాగితం మీద మాటలు రాసేవాడు. వాటికి సరిపడా మాటల బెలూను గీసి, మిగిలిన చోట ఆమె దెయ్యాన్ని ఇరికించేది.

“నీ వాగుడుతో నా దెయ్యానికి కాలు పెట్టే చోటు లేదన్నయ్యా” అని రోజూ తగువే.

అన్నయ్య జబ్బు చేసి పోయాడు. ఆ తర్వాత పబ్లిషర్ ఆఫీసు కింది గదిలో నీటి గొట్టం పగిలి, అసలు బొమ్మలూ పాత పుస్తకాలూ ముద్దయ్యాయి. ఇంట్లోని కాపీలు ఆమె ఎప్పుడో అడిగినవాళ్లకల్లా పంచిపెట్టేసింది. ఎవరో ఒకరి దగ్గర ఉండకపోతాయా అనుకుంది.

ఆ కథలన్నీ ఇంటర్నెట్‌లో ఎవడో ఉచితంగా పెట్టాడని తెలిసిన రోజు అగ్గి మీద గుగ్గిలమైంది. “పోయిన మనిషి కష్టాన్ని కూడా వదలరా వెధవలు!” అప్పటికే ఆన్‌లైన్ పైరసీ మీద చట్టం తెమ్మని చిత్రకారుల సంఘం గొంతు చించుకుంటోంది. అక్క కూడా వేదికెక్కింది. పెట్టినవాణ్ణే కాదు, కాపీ తీసి దాచుకున్నవాణ్ణీ శిక్షించాలని పట్టుబట్టింది. చట్టం వచ్చింది. మొదటి ఫిర్యాదు ఆమెదే. ముందు ఒక్కసారి తెరిచి చూడవే అని స్నేహితురాలంటే, “దొంగసొత్తు నేను చూడను” అంది. పౌరుషం మరి! సైటు మూతపడింది.

కొన్నాళ్లకు పబ్లిషర్ ఫోన్ చేశాడు.

“దెయ్యం కథలు మళ్లీ వేద్దామక్కా. పేజీలు పంపండి.”

“నా దగ్గరెక్కడివి? మీకింకెక్కడా దొరకలేదా?”

“ఆ సైటులోవి తీసుకుందామనుకున్నానక్కా” అన్నాడతను నసుగుతూ.

ఆమె అప్పటికప్పుడే సంఘం వాళ్లనడిగి సైటు పెట్టినతని నంబరు పట్టుకుంది. అతను బస్సు కండక్టరు. ఈమె ఎవరో తెలియగానే సంజాయిషీ మొదలుపెట్టాడు.

“చిన్నప్పుడు కొనుక్కున్నవమ్మా. చివికిపోతున్నాయని ఫొటోలు తీసి పెట్టాను. పైసా తీసుకోలేదు.”

“కేసూ లేదు, ఏమీ లేదు నాయనా. అవి నాకు పంపించు, చాలు.”

“నోటీసు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోయారమ్మా. అన్నీ చెరిపేశాను. పుస్తకాలు కూడా తగలబెట్టేశాం.”

“చదివినవాళ్లెవరైనా దాచుకుని ఉంటారు కదా?”

“ఉన్నా ఒప్పుకుంటారా? దగ్గరుంటేనే నేరమని రాశారుగా అందులో.”

ఆమె ఫోన్ పెట్టేసింది.

అయినా ఊరుకోలేక మళ్లీ గీయడానికి కూర్చుంది. చెయ్యి మర్చిపోలేదు. లిఫ్టూ, దెయ్యం ఆవులింతా అచ్చం అలాగే వచ్చాయి. ఏ బెలూను ఎంత వెడల్పో, ఎందులో రెండు వరుసలుండేవో కూడా గుర్తుంది. అందులో అన్నయ్య ఏం రాశాడో మాత్రం ఒక్క ముక్క గుర్తుకు రావడం లేదు. చూసి చూసి తనే ఏదో రాసింది. చదువుకుంటే రోత పుట్టింది. చెరిపేసింది.

అన్నయ్యను జబ్బు తీసుకుపోయింది. అతను వదిలివెళ్లిన మాటల్ని మాత్రం ఆమే, వేదికెక్కి మరీ, లేకుండా చేసింది. ఖాళీ బెలూన్ల పేజీ మీద తల వాల్చి, అతను పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.