వదినకు నేను ముందే చెప్పేసిన కథ

వేలూరులో చదువుకుంటున్న మా మనవరాలు మొన్న ఆదివారం గుడియాత్తంలో మా ఇంటికి వచ్చి మూతి ముడుచుకుని కూర్చుంది. ఏమని అడిగితే, తను చూస్తున్న సీరియల్ ఆఖరులో ఏం జరుగుతుందో స్నేహితురాలెవరో ఫోన్ గ్రూపులో ముందే రాసేసిందట, ఇక ఆ పిల్లతో జన్మలో మాట్లాడదట. అంత పాపమా అని నాకు నవ్వొచ్చింది. ఆ పాపం నేనూ చేశాను మరి, చేసినందుకు ఇవాళ్టికీ రవ్వంత చింత లేదు.

ఇరవై ఏళ్ళ కిందట మా ఇంట్లో ఆడా మగా అందరం కట్టడం పనులకే పోయేవాళ్ళం. మిద్దెకు కాంక్రీటు పోసే రోజున ఆడవాళ్ళం నిచ్చెన పొడుగునా వరుసగా నిలబడి కాంక్రీటు నింపిన ఇనప చట్టిని చేతికి చేతికి అందించేవాళ్ళం, చట్టితోపాటే ముందురోజు చూసిన సీరియల్ కథ కూడా పైకెక్కేది. అందులో మొగుడు పట్నం పోయి తిరిగి రాలేదు, పెళ్ళాం ఎదురుచూస్తూ ఉంది. వాడికి మతి పోయిందని ఒకామె, వాడు చచ్చాడు, కవల తమ్ముడొకడు దిగుతాడు చూడండని ఇంకొకామె, పని ముగిసేదాకా ఒకటే వాదులాట. మా వదిన మాత్రం వాడు వచ్చి తీరుతాడనేది, ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఎందుకంటే బెంగుళూరికి పనికి పోయిన మా అన్న దగ్గరనుంచి అప్పటికి ఎనిమిది నెలలుగా కబురే లేదు. వెతకబోదామని వదిన అంటే, మగవాడు తనంతట తానే రావాలిగానీ వెంటపడితే పరువు పోతుందని మా అమ్మ ఆపేసింది. వదిన ఆ సీరియల్‌నే జోస్యంలా నమ్ముకుని కూర్చుంది.

మాది తమిళనాడు గనక మేము చూసేది తమిళంలో. అదే కథ ముందుగా తెలుగులో వచ్చి, చిత్తూరు వైపు అప్పటికే అయిపోయింది. గంగమ్మ పండగకు చిత్తూరునుంచి వచ్చిన మా మేనత్త ఆ ముగింపు కాస్తా నా చెవిన వేసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు, అయినా మూడు రోజులు ఆపుకున్నాను. అన్నను వెనకేసుకు రావలసిన ఆడబిడ్డను, పైగా వదిన ఆశ తుంచెయ్యడానికి నేనెవరిని అనిపించింది. నాలుగో రోజు మిద్దె పనిలో వదిన నా పై మెట్టు మీదే నిలబడి, ఆడి మాసం, అదే ఆషాఢం, పోయేలోపల వస్తాడని మళ్ళీ మొదలుపెట్టేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయప్ప రాడు వదినా. చిత్తూరులో కత అయిపోయిండాది. ఆయమ్మ తల నెరిసేదాకా వాకిట్లోనే కూసోనింది" అన్నాను.

వదిన చేతిలో చట్టి ఆగిపోయింది. మధ్యలో ఆపితే మిద్దె చీలుతుందని మేస్త్రి కింద నుంచి తిట్లు లంకించుకున్నాడు. వదిన చట్టి అందించింది, పని ముగిశాక ఇల్లు కట్టించుకునేవాళ్ళు పెట్టిన బిరియానీ ముట్టలేదు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ మాత్రం నాతో ఒక్క మాట చెప్పింది.

"ఆయమ్మ కూసోనింది గదా, నేను కూసోను. రేపు నువ్వూ నాతో రా, రైలెక్కుదాం."

మా అమ్మ తిట్టింది, శపించింది, మేము పోనే పోయాము. పని జరిగే చోట్లన్నీ అడుగుతూ తిరిగి, మూడో రోజు ఒక రేకుల షెడ్డులో అన్నను చూశాము. పరంజా మీదనుంచి పడి కాలు విరిగింది, పనికి రాని కాలుతో ఇంటికి ఏ ముఖం పెట్టుకుని రావాలని అక్కడే ఉండిపోయాడట. తనంతట తాను వచ్చే మనిషి కాదు. వదిన తిట్టలేదు, ఏడవలేదు, భుజం పట్టి లేపింది.

అసలు తమాషా ఏమంటే, తమిళంలో ముగింపు మార్చేశారు. మూడు నెలల తర్వాత ఆ మొగుడు మల్లెపూలు పట్టుకుని తనంతట తానే ఇంటికొచ్చాడు, వరుసలోని ఆడవాళ్ళందరూ నన్ను అబద్ధాలకోరని ఆడిపోసుకున్నారు.

ఇప్పుడు కాంక్రీటు గొట్టంలో పైకి పోతోంది, వరుసలు లేవు. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి కథ వాళ్ళది, పక్కనున్న మనిషి దేనికోసం కాచుకుని ఉందో అడిగేవాళ్ళే కరువయ్యారు. కథ ముందే చెప్పడం తప్పంటే తప్పే, కాదనను. కానీ ఆనాడు నేను మర్యాదగా నోరు మూసుకుని ఉంటే, మా వదిన ఆ మల్లెపూల మొగుణ్ణి చూసి, తన మొగుడూ అలాగే వస్తాడని ఇంకా వాకిట్లోనే కూర్చుని ఉండేది.