పోయని నీళ్లు

ఛత్రినాకలో కాశమ్మను ఎరగని ఇల్లు లేదు. జ్ఞానస్నానంనాడు పెట్టిన పేరు ఆగ్నేసమ్మ అయినా, ఆ పేరుతో పిలిచేది గుడిలో స్వాములవారు ఒక్కరే. పురుళ్లు పోయడం ఆమె పని. ఏ కులంవాళ్లు పిలిచినా వెళ్లేది. తనలాంటి కతోలిక క్రైస్తవుల ఇళ్లలో మాత్రం ఇంకో బాధ్యత ఉండేది. పుట్టిన బిడ్డ దక్కదని తోస్తే, స్వాములవారు వచ్చేదాకా ఆగకుండా తానే నెత్తిన నీళ్లు పోసి, పిత పుత్ర పవిత్రాత్మల పేర జ్ఞానస్నానం ఇచ్చేది. దేవుడు తనను ఈ పనికే పిలుచుకున్నాడని ఆమె నమ్మకం.

1943 ఎండాకాలంలో కోడలు జోజమ్మకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు, నీలంగా, ఏడుపు లేకుండా. వేరే ఇంట్లో అయితే కాశమ్మ చెయ్యి ముందు చెంబు మీదికి పోయేది. ఆ వేళ పోలేదు. మనవణ్ణి తలకిందులుగా పట్టి వీపు చరిచింది. నోట్లో నోరు పెట్టి ఊదింది. ఒక్కసారి ఎగశ్వాస వచ్చింది. ఆశ పుట్టి అరికాళ్లు ఇంకా గట్టిగా రుద్దింది. నీళ్లు గుర్తొచ్చేసరికి బిడ్డ ఒళ్లు చల్లబడిపోయింది.

"నీళ్లు పోసినవా అత్తా?" మంచం మీంచి జోజమ్మ అడిగింది.

"పోసిన బిడ్డా."

"ఏం పేరు పెట్టినవ్?"

"ఇన్నాసి."

జోజమ్మ కళ్లు మూసుకుంది. ఏడుపు కాస్త నెమ్మదించింది.

కొడుకు చిన్నప్పతో కలిసి కాశమ్మ గుడికి వెళ్లింది. స్వాములవారు మరణాలు రాసే పుస్తకం తెరిచి, "నీళ్లు పోసేటప్పటికి ఊపిరి ఉందా ఆగ్నేసమ్మా?" అని అడిగారు. ఎప్పుడూ అడిగే మాటే. ఉందంటే చాలు, బిడ్డ మంత్రించిన నేలలో తాత పక్కన పడుకుంటాడు. లేదంటే సమాధుల తోట గోడవతల, ప్రార్థన లేకుండా. కాశమ్మ ఆయన చేతిలోని కలాన్నే చూస్తూ నిలబడింది. ఈ అబద్ధంతో రేపు ఇంకో బిడ్డ నెత్తిన చెయ్యి ఎట్లా పెడుతుంది?

"పోయలే స్వామీ. కోడలికి అబద్ధం చెప్పిన."

"అమ్మా!" చిన్నప్ప ఆమె భుజం పట్టుకుని ఊపేశాడు. "నోరు మూసుకుంటే ఏం పోతుండె నీది?"

సాయంత్రం గోడవతల గుంత తవ్వారు. స్వాములవారు పూజ వస్త్రాలు లేకుండా వచ్చి, పెదవి కదపకుండా తల వంచుకుని నిలబడ్డారు.

"నీ దేవుడు అదాలత్ నడుపుతుండా ఏంది, గిట్ల సాక్ష్యాలడగనీకె?" అంది పక్కింటి పాల బుచ్చమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

నాలుగో రోజు జోజమ్మ అంది: "మంది పిల్లలకు మస్తు పోస్తివి. నా పిల్లగానికే చేతులు రాకపాయె."

"బతుకుతడనుకున్న బిడ్డా."

"మరి గా అబద్ధమన్న నాకుంచకపోతివి."

కాశమ్మ తెల్లవారి పూజ మానలేదు, పురుళ్లూ మానలేదు. ఇంట్లో మాత్రం కోడలు అన్నం పళ్లెం ముందు పెట్టి, మాట లేకుండా వెళ్లిపోయేది.

రెండేళ్లకు జోజమ్మకు మళ్లీ నొప్పులు వచ్చాయి. చిన్నప్ప బార్కస్ నుంచి వేరే మంత్రసానిని పిలుచుకొచ్చాడు. కాశమ్మ జపమాల పట్టుకుని బుచ్చమ్మ అరుగు మీద కూర్చుంది. ఎండ దిగేవేళకు తమ ఇంట్లోంచి గట్టిగా ఏడుపు వినిపించింది.

"ఆడపిల్లట. మంచిగున్నది," బుచ్చమ్మ వచ్చి చెప్పింది. "పోయి చూడరాదు?"

"పిలుస్తే పోత" అంది కాశమ్మ.

ఎవరూ పిలవకపోయినా పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది.