కత్తి పట్టలేని చేతికి ప్రభువిచ్చిన వేడి తీగ

సహోదరులారా, సహోదరీలారా, నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికి స్తోత్రం! ముందు నా చీకటి రోజుల గురించి చెబుతాను, దాచకుండా చెబుతాను, ఎందుకంటే అది వింటేనే ఆయన ఎంత లోతులో నుంచి నన్ను పైకి లాగాడో మీకు అర్థమవుతుంది.

నా పేరు దావీదు, మాది ప్రొద్దుటూరు. పెళ్లిళ్లకూ, పుట్టినరోజులకూ, మన సభలకూ స్టేజీ మీద తెల్లటి థర్మాకోల్‌తో పేర్లూ పూలూ కోసి పెట్టడం నా పని, పెళ్లి కాకముందు నుంచీ ఇదే పని, పదునైన కత్తి ఒక్కటే నా పనిముట్టు. ఆ కత్తి పట్టిన చేతికే సాతాను గురిపెట్టాడు! పని అయిపోయాక సరదాగా మొదలైన తాగుడు కొన్నేళ్లకు పొద్దున్నే మొదలైంది, ఎందుకంటే లేవగానే నా కుడిచేయి వణికేది, ఒక గ్లాసు లోపలికి పోతేనే ఆ వణుకు ఆగేది, అలా ఆగిన చేత్తోనే నేను వధూవరుల పేర్లు కోసేవాణ్ణి. నా భార్య కరుణ జిరాక్స్ షాపులో డీటీపీ చేస్తుంది, పెళ్లిపత్రికలు టైపు కొడుతుంది, ఇల్లంతా ఆమే నడిపింది, నేను ఇంట్లో ఉన్నా లేనట్టే.

ఒకరోజు జమ్మలమడుగులో పెళ్లి పని. ఆ రోజు మామూలు కంటే ఎక్కువ తాగాను, పెళ్లికూతురి పేరు కోస్తుంటే కత్తి జారి అక్షరాన్ని రెండుగా చీల్చి నా ఎడమ అరచేతిలోకి దిగింది, తెల్లటి షీటంతా ఎర్రగా అయిపోయింది. పెళ్లికూతురి తండ్రి వచ్చి చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది, కానీ ఆయన చేతులు జోడించాడు.

"దావీదూ, నీకు దండం పెడతా, నా బిడ్డ పెండ్లికాడ నీ రగతం వద్దప్పా. లెయ్, ఇంటికి పో."

కట్టు కట్టించుకుని బస్సెక్కి ఇంటికొచ్చాను. కరుణ నన్ను చూసింది, నా ఎదురుగానే మోకాళ్లూని నేను అక్కడ లేనట్టు ప్రభువుతో మాట్లాడింది. ఆ మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి: "ప్రభువా, ఈ మనిషిని నాకు నువ్వే ఇచ్చినావు. ఇంగ నా చేత కాదు. నేను మోయలేకుండా ఉండా. నువ్వే మోయి తండ్రీ." సహోదరులారా, ఆ ప్రార్థనకు నా గుండె పగిలింది, నేనూ ఆమె పక్కన కూలబడి చంటిబిడ్డలా ఏడ్చాను!

మరుసటి రోజే మా సంఘం పాస్టరు అయ్యగారు నన్ను వెంటబెట్టుకుని కడపలో తాగుడు మాన్పించే ఆస్పత్రికి తీసుకుపోయారు, ఇంట్లో ఉన్నపళంగా మానేస్తే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు చెప్పి చేర్చుకున్నారు. చెమటలు, వాంతులు, గోడ మీద లేనివి కనబడటం, ఆ రోజులు పగవాడికి కూడా వద్దు, కానీ ప్రభువు నా మంచం పక్కనుంచి కదల్లేదు! ఆ ఆస్పత్రి మెట్లు దిగిన దగ్గర నుంచి ఈ రోజు వరకు చుక్క ముట్టలేదు. దేవునికే మహిమ!

ఇక్కడితో సాక్ష్యం ముగిసిపోతుందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ వణుకు చాలావరకు తగ్గినా పూర్తిగా పోలేదు. మళ్లీ చూపించుకుంటే, ఇది నరాలకు సంబంధించింది, కొంత ఇలాగే ఉండిపోవచ్చు అన్నారు. కత్తి పట్టుకుంటే గీత వంకర, ఎన్నిసార్లు పట్టుకున్నా వంకరే. దేవుని మీద కోపం వచ్చింది, "సీసా తీసుకున్నావు, సరే, నా పని కూడా తీసుకుంటావా?" అని అడిగాను, ఆ కోపంతోనే ఒక మధ్యాహ్నం వైన్ షాపు ముందు ఆగిపోయాను. ఒక్క గ్లాసు తాగితే చేయి నిలబడుతుంది, కరుణకు తెలియకుండా పని చేసుకోవచ్చు, ఆ ఆలోచన ఎంత తియ్యగా వచ్చిందో! కాలు ముందుకు పడబోతుంటే "యేసయ్యా!" అని గట్టిగా అరిచాను, అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు, నేను పరుగున కరుణ పనిచేసే షాపుకు పోయి అందరి ముందే జరిగింది చెప్పేశాను.

ఆమె కళ్లు తుడుచుకుని, తన పక్కన నన్ను కూర్చోబెట్టి కంప్యూటర్లో ఒక వీడియో పెట్టింది. వేడెక్కిన సన్నటి తీగ, కంప్యూటర్ చెప్పిన దారిలో కదులుతూ, థర్మాకోల్‌ను వెన్నలా కోసుకుంటూ పోతోంది!

"నీకు చూపిద్దామని నెల నుంచి పెట్టుకోని ఉండా. దీనికి చెయ్యి నిలబడే పని లేదయ్యా" అంది కరుణ.

అలాంటి యంత్రం సొంతంగా చేయడం ఆ వారమే మొదలుపెట్టాం. షాపు ఓనరు మూలన పడేసిన పాత ప్రింటర్లు మాకిచ్చేశాడు, వాటిలోంచి మోటార్లు విప్పాను, చెక్కతో రెండు పక్కలా రెండు నిలువు స్తంభాలు, టేబుల్ సొరుగులు జారే ఇనుప పట్టీలు, స్తంభాల మధ్య తీగ. తీగ వేడికి సాగి వేలాడకుండా ఒక చివర స్ప్రింగ్ కట్టాను. ఇంతవరకు బాగానే ఉంది. కానీ దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఏది? అక్కడే నా గర్వం బయటపడింది! థర్మాకోల్‌తో బొమ్మ విమానాల రెక్కలు కూడా కోయగలిగే పెద్ద సాఫ్ట్‌వేరే కావాలని పట్టుబట్టాను, అది కొనే స్తోమత లేక తెలిసినవాళ్ల దగ్గర దొంగ కాపీ వేయించుకున్నాను. దానికి పాతకాలం కంప్యూటర్లకు వెనకవైపు ఉండే వెడల్పాటి పోర్టు కావాలి, మా ల్యాప్‌టాప్‌కు అది లేదు, మధ్యలో ఏదో కన్వర్టర్ తగిలిస్తే మోటార్లు గిలగిలా కొట్టుకున్నాయే తప్ప తిన్నగా ఒక్క గీత నడవలేదు. అంతకంటే పెద్ద బాధ ఏమిటంటే, "ప్రభువా, ఈ యంత్రాన్ని దీవించు" అని మోకరిస్తే ప్రార్థన సాగేది కాదు, సగంలోనే లేచిపోయేవాణ్ణి.

కరుణ సూటిగా అడిగింది: "దొంగది పెట్టుకోని దీవెన అడుగుతాండావే, నోరెట్ల వస్తాదయ్యా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. అప్పటికప్పుడే అది తీసేశాను, క్షమాపణ అడిగాను, నాకు తెలియదు ప్రభువా, తెలిసినవాళ్లను చూపించు అని ప్రార్థించాను. చూడండి ఆయన కార్యం! పులివెందులలో సభలకు స్టేజీ పని ఒప్పుకోమని అయ్యగారు చెబితే స్థలం చూడటానికి పోయాను, అక్కడ షామియానా కడుతున్నవాళ్లు మహబూబ్ భాయ్ గురించి చెప్పారు. ఆయన కువైట్‌లో కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాల దగ్గర పనిచేసి వచ్చి మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. నా ఫోన్లో యంత్రం ఫోటోలు చూసి, ఆ పెద్ద సాఫ్ట్‌వేర్ కథంతా విని నవ్వాడు.

"ముందు ఇది చెప్పప్పా. నువ్వు కోసేది అక్షరాలా, ఇమానం రెక్కలా?"

"అక్షరాలే భాయ్."

"రెక్కకైతే ఒక పక్క పెద్దది, ఇంకో పక్క చిన్నది, అందుకని రెండు పక్కలకూ వేరే వేరే లెక్క కావల్ల. అక్షరానికి రెండు పక్కలా ఒగే మాదిరి పోవల్ల. ఇంగ ఆ పెద్ద సాఫ్ట్‌వేరు నీకు యాల? ఇదిగో ఈ చిన్న బోర్డు పెట్టుకో, యూఎస్‌బీ వైరుతో నీ ల్యాప్‌టాప్‌కే తగులుకుంటాది, మోటార్ల లెక్క ఇదే చూసుకుంటాది. గీతలు పంపే సాఫ్ట్‌వేరు యాడాడి మనుషులో కూర్చోని రాసి అందరికీ ఊరికే ఇచ్చినారు. దొంగతనమూ లేదు, దుడ్లూ లేవు."

ఊరికే ఇచ్చారట! నేను ఆ షాపులోనే స్తోత్రం అన్నాను, మహబూబ్ భాయ్ కూడా పైకి చూసి దువా చేసినట్టు చేతులెత్తాడు. తీగ ఎర్రబడేదాకా కరెంటు ఇవ్వొద్దని, నిదానంగా పోతే ఎక్కువ కరుగుతుందని, తొందరగా పోతే తీగ వంగిపోతుందని, కిటికీలన్నీ తెరిచి పొగ బయటికి పోయేలా చూసుకోమని ఓపికగా చెప్పి పంపాడు.

ఇక మిగిలింది మన తెలుగు అక్షరం! తీగకు ఎగిరి దూకడం రాదు సహోదరులారా, ఒక్కసారి షీటులోకి దిగితే బయటికొచ్చేదాకా ఒకటే గీత. 'వ' లోపలి గుండ్రం తీయాలంటే ఎక్కడో ఒక చోట సన్నగా చీల్చుకుని లోపలికి పోయి, చుట్టూ తిరిగి, అదే దారిన బయటికి రావాలి. నాకు తల తిరిగింది. కానీ కరుణ ఇన్నేళ్లుగా అక్షరాలతోనే బతికిన మనిషి! ప్రతి అక్షరాన్నీ తెరమీద పెద్దది చేసి, ఆ చీలిక ఎక్కడ పెడితే చూసేవాళ్లకు కనబడదో వెతికి, ఒక్కొక్క గీతనూ కలిపింది. నేను పాడుచేసిన ఇంటిని మోసిన చేతులే నా పనికి దారి గీస్తుంటే పక్కన కూర్చుని చూశాను.

స్టేజీ మీదికి అయ్యగారు అడిగిన మాట 'విడుదల'. ఉదయం ఇద్దరం ప్రార్థన చేసి బటన్ నొక్కాం. మొదటి 'వి' మూలలన్నీ కరిగిపోయి పాడైంది! కరెంటు తగ్గించాం, తీగ తినే మందాన్ని సాఫ్ట్‌వేర్లో లెక్కవేసి గీతను అంత పక్కకు జరిపాం, మళ్లీ నొక్కాం. మోటార్లు సన్నగా పాడుతున్నట్టు శబ్దం, తీగ 'వి' మీది గుడి చుట్టూ తిరిగింది, కిందికి దిగింది, బయటికొచ్చింది. షీటు పక్కకు లాగితే, అబ్బా, నున్నటి 'వి' నా చేతిలోకి వచ్చింది, కత్తితో నా మంచి రోజుల్లో కూడా అంత నునుపు రాలేదు! నేను గంతులేశాను, కరుణ ఒకేసారి నవ్వింది, ఏడ్చింది. సాయంత్రానికి మాటంతా పూర్తయింది, పులివెందుల స్టేజీ మీద మా ఇద్దరి పని నిలబడింది, వందనాలు ప్రభువా, వేల వందనాలు!

చేయి బాగుచేయమని అడిగాను, ఆయన నా గర్వాన్ని బాగుచేశాడు, నా భార్యను నా పనిలో భాగస్తురాలిని చేశాడు, ఇప్పుడు లింగాల, వేముల నుంచి కూడా పని వస్తోంది. ఆయన ఇచ్చే జవాబు మనం అడిగిన రూపంలో రాకపోవచ్చు, అయినా నమ్మండి!

ఈ రోజు ఇక్కడ కూర్చున్నవాళ్లలో పొద్దున్నే గ్లాసు లేనిదే లేవలేని అన్న ఒకరైనా ఉంటాడు, నాకు తెలుసు. అన్నా, అందరి ముందు లేవక్కర్లేదు. కూటం అయ్యాక నేనూ కరుణా తలుపు దగ్గర నిలబడి ఉంటాం. వచ్చి నా చేయి పట్టుకో చాలు, నువ్వేమీ చెప్పొద్దు. రేపు పొద్దున కడప బస్సులో నీ పక్క సీట్లో నేను కూర్చుంటాను.