మోగిందా బిడ్డా?

ఇవాళ కోరుట్ల బైపాస్ పక్కన ఎవరో సుత్తితో లారీ కమాన్ పట్టీలు కొడుతున్నారు. ఖంగుమన్న ఆ చప్పుడుకు స్కూటీ దానంతటదే ఆగినట్టయింది. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, లారీ బరువంతా మోసే ఆ ఇనుప పట్టీల కట్ట.

మా బాపు కమాన్ మేస్త్రీ. మా ఇంట్లో దుప్పట్లకు కూడా గ్రీజు వాసనే. విప్పిన ప్రతి పట్టీనీ ఒక కొస ఎత్తి పట్టుకొని, సుత్తితో కొట్టి, "మోగిందా బిడ్డా?" అని నన్ను అడిగేవాడు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల పగులుందన్నమాట. నాకు పని నేర్పుతున్నాడని మురిసిపోయేదాన్ని.

ఒకరోజు తొక్కుడుబిళ్ల ఆట తొందరలో, వినకుండానే "మోగింది" అనేశాను. రెండు రోజులకు ఆ లారీ వేములవాడ దారిలో పట్టీ విరిగి పక్కకు ఒరిగింది. డ్రైవర్ షెడ్డుకొచ్చి అరిచాడు. "ఏం మేస్త్రీ, పగిలిన పట్టే ఎక్కిచ్చినవా? నా పాణం పోతుండె!"

బాపు నా వైపు చూడనైనా లేదు.

"తప్పు నాదే తమ్మీ. గీ సుత్తి దెబ్బలకు నా చెవులు ఎప్పుడో పోయినయ్. ఎవ్వలకు చెప్పలె."

మర్నాడు ఇంకో పట్టీ కొట్టి, మళ్లీ నన్నే అడిగాడు. "మోగిందా బిడ్డా?"

"ఇంకోసారి కొట్టు బాపూ" అన్నాను, ఆయనకు వినపడేంత గట్టిగా.