ఎల్లమ్మ చేతిలోని అట్టముక్క

1962లో నేను నార్కట్‌పల్లికి కొన్ని మైళ్ల దూరాన ఒక పల్లెబడిలో మూడో తరగతి పంతులుని. ట్రైనింగ్‌లో నేర్పిన సైలెంట్ రీడింగ్, అంటే పెదవి కదపకుండా కంటితోనే చదివి అర్థం చేసుకోవడం, మా పిల్లలకు నేర్పి తీరాలని పట్టుబట్టాను. అప్పటిదాకా చదువంటే అందరూ కలిసి గట్టిగా అప్పజెప్పడమే. ఆ గొంతులన్నిటినీ మించి వినబడేది ఎల్లమ్మది. గొర్రెలు కాసే మల్లయ్య బిడ్డ, ఎనిమిదేళ్ల పిల్ల. వాచకంలో ఏ పాఠమైనా తడబడేది కాదు. అందుకే ఆమెను లీడర్‌ను చేశాను.

అట్టముక్కలు కోసి ఒక్కోదాని మీద ఒక్కో పని రాశాను. ‘తలుపు మూయి’, ‘పలక బోర్లించు’, ఇలా. వీటిని కమాండ్ కార్డులంటారు. నోరు మెదపకుండా చదివి ఆ పని చేయాలి. మొదటి రోజే వెనక వరుస పిల్లలు కూడా హుషారుగా చేశారు. ఎల్లమ్మ మాత్రం కార్డు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

“ఏం రాసున్నదే దాని మీద?”

కార్డును ఇంకా గట్టిగా ఒళ్లోకి అదుముకుంది.

“ఇన్ని రోజులు చదివినట్టు నటించినవా?” అని కసిరాను. తల వంచుకుని ఏడ్చింది. లీడర్‌గా ఇంకొకరిని పెట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పిల్లలంతా అన్నానికి ఇళ్లకు పోయారు. ఎల్లమ్మ ఒక్కతే గడప దగ్గర ఎండలో నిలబడి, ఒక కార్డును ముక్కుకు ఆనించుకుని చూస్తోంది. మూలన కూర్చున్న నన్ను గమనించలేదు. కాసేపటికి లోపలికి వచ్చి కిటికీ తెరిచింది. కార్డు మీద రాసింది అదే.

“మరి తరగతిల ఎందుకు చదవలే బిడ్డా?”

ఉలిక్కిపడింది. “గిట్ల వెట్టుకుంటే పుస్తకం వాసన జూస్తాందని నవ్వుతరు సార్. అందుకే అందరు చదువంగ ఇని యాదివెట్టుకుంట.”

ఆమెకు అక్షరాలు వచ్చు. అవి కనబడటమే లేదు. ఏడాదిగా నేను మెచ్చుకున్నది ఆమె జ్ఞాపకశక్తిని.

ఆ సాయంత్రమే మల్లయ్యకు సంగతి చెప్పి, బిడ్డకు కళ్లద్దాలు పెట్టించాలన్నాను. “అయ్యో, గొర్రె తప్పిపోతే సూస్తలేదని కొట్టిన సార్. పొగరనుకున్న,” అని నెత్తి పట్టుకున్నాడు. అంతలోనే వెనక్కి తగ్గాడు. “ఆడివిల్లకు అద్దాలేంది సార్? ఊరంత నవ్వదా?”

“నవ్వనీ. నవ్వేటోళ్లు దినాం దాని చెయ్యివట్టి నడిపిస్తరా?”

మల్లయ్య భుజం మీది తువ్వాలు దులిపి మళ్లీ వేసుకున్నాడు. “ఎప్పుడు పోదాం సార్?” అన్నాడు.

నల్లగొండ దవాఖానలో కళ్లు చూపించాం. అద్దాలు వచ్చిన రోజు తరగతిలో అవి పెట్టుకుని, ఎల్లమ్మ ముందుగా నా వైపే చూసింది.

“సార్, మీ మొఖం మీద అమ్మవారి మచ్చలున్నయా?”

తరగతంతా నవ్వింది, అందరికంటే ఎక్కువగా నేనే నవ్వాను. తర్వాత కార్డు ఇస్తే చేయి చాపినంత దూరాన పట్టుకుని, పెదవి కదపకుండా చదివి, లేచి గంట కొట్టింది. “ఆ రోజు తప్పు నాది, ఎల్లమ్మది కాదు,” అని పిల్లలందరి ముందూ చెప్పాను.

తర్వాత ఎన్ని బళ్లు మారినా, కొత్త తరగతిలో మొదటి వారం ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, కార్డు ఇచ్చి, వాళ్ల కళ్లనే చూసేవాణ్ని. అందరికంటే గట్టిగా చదివే పిల్లను అందరికంటే ముందు పిలిచేవాణ్ని.